సామూహిక కాల్పుల వార్తను చదవడం ఎలా? – మూడవ పాఠం: జారిన మాట

గత పాఠంలో నోటుపుస్తకంలో పగ, సన్నాహం, ఆయుధం అని మూడు గడులు గీసుకున్నాం. ఈ వారం నాలుగో గడి గీయండి. దానికి ‘జారిన మాట’ అని పేరు పెట్టండి: దాడి చేయబోయేవాడు ముందే ఎవరి దగ్గరో బయటపెట్టేసిన మాట అని అర్థం.

2023 మే 6న టెక్సస్‌లోని అలెన్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. వారిలో ఒక తెలుగు యువతి ఉంది. మర్నాడు తెల్లారేసరికి మా అమలాపురం వీధిలో, అక్కడ పిల్లలున్న ప్రతి ఇంటి అరుగు మీదా ఫోను చెవిన పెట్టుకుని తల్లో తండ్రో కనిపించారు. అందరి నోటా ఒకటే ప్రశ్న: ‘వాడెవడు?’ ఆ ప్రశ్నతో మొదలుపెడితే మనకు దొరికేది తక్కువ.

కొలంబైన్ ఉన్నత పాఠశాలలో 1999లో కాల్పులు జరిగాక, అధ్యక్షుడికి రక్షణగా ఉండే అమెరికా సీక్రెట్ సర్వీసు, అక్కడి విద్యాశాఖ కలిసి 1974 నుంచి 2000 వరకు బడుల్లో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. దాడి చేసిన 41 మందికీ సరిపోయే మూస ఏదీ వారికి దొరకలేదు. బాగా చదివేవారూ, చదువులో వెనకబడినవారూ, ఒంటరివారూ, స్నేహితులున్నవారూ అందులో ఉన్నారు. తమను వేధించారన్న బాధ, పగ తీర్చుకోవాలన్న కోరిక, చనిపోవాలన్న ఆలోచన చాలామందిలో కలగలిసి ఉన్నాయి కాబట్టి, ఒక్క కారణం చెప్పి ముగించే వార్తను నమ్మకండి. ‘పిచ్చి’ అన్న మాటను మరీ అనుమానించండి: 2000–2013 మధ్య కాల్పులు జరిపిన 63 మందిని ఎఫ్‌బీఐ పరిశీలిస్తే, మానసిక వ్యాధి నిర్ధారణ అయినట్టు తేలింది నాలుగో వంతు మందికే.

ఇక మన గడి సంగతి. ఆ 37 దాడుల్లో 81 శాతం ఘటనల్లో, ఏదో జరగబోతోందని కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. తెలిసినవారు దాదాపు అందరూ తోటి పిల్లలే.

భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక రాగానే మన లంకల్లో పశువులను ఏటిగట్టుకు తోలుకొస్తారు, ధవళేశ్వరంలో 11.75 అడుగులయ్యే దాకా ఆగరు. మాటను కూడా అలాగే ఎగువనే పట్టుకోవాలి. అలాగని కోపంలో ‘చంపేస్తా’ అన్న ప్రతి కుర్రవాడినీ అనుమానించడం అన్యాయం. ఆ మాటలో చోటు, తేదీ, పేర్లు, తుపాకీ వచ్చి చేరుతున్నాయా అన్నదే చూడాలి.

అభ్యాసం: పాత వార్త ఒకటి తీసుకుని, దాడికి ముందు ఎవరు ఏం విన్నారో ఎర్ర సిరాతో గీత గీయండి. పక్కనే, విన్నవారు ఎవరికి చెప్పి ఉండవచ్చో, చెప్పకుండా వారిని ఏది ఆపిందో రాయండి. హాస్యానికన్నాడనుకున్నారా, పెద్దలు తమనే కోప్పడతారని భయపడ్డారా? ఈ చివరి జవాబుకు సగం పేజీ వదలండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.