మీ అపార్ట్‌మెంట్లో, మీ వీధిలో నేరాల మీద అవగాహన సమావేశం ఎలా పెట్టుకోవాలి?

విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచినా సైబర్ మోసాల మీద హెచ్చరికలు కుప్పలుగా కనిపిస్తాయి, అయినా ఆ గ్రూపుల్లో ఉన్నవాళ్లే మోసపోతున్నారు. మెసేజ్ చదివేటప్పుడు నింపాదిగా ఉంటాం, అసలు ఫోన్ వచ్చేసరికి టెన్షన్‌తో కాళ్లూ చేతులూ ఆడవు. పైగా డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది ఇంట్లో తిడతారని, పక్కవాళ్లు నవ్వుతారని గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నోరు విప్పరు. ఈలోపు ఆ డబ్బు నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది. అందుకే ఫోన్ రాకముందే ఒకసారి సాధన చేయాలి, జరగరానిది జరిగితే వెంటనే చెప్పుకునే ధైర్యం వీధిలో అందరికీ ఉండాలి. సమావేశం పెట్టేది ఈ రెండింటి కోసమే. బెజవాడలో అయినా గుంటూరులో అయినా పద్ధతి ఒకటే.

1. చోటు, టైము, మనుషులు

ఆదివారం సాయంత్రం ఐదున్నరకి సెల్లార్లోనో, వీధిలోని రామాలయం మండపంలోనో పెట్టండి. మైకు, వేదిక, శాలువాలు వద్దు, అవి మొదలైతే అరగంట వాటికే పోతుంది. ఫ్లాట్ల ఓనర్లతో ఆపేయకుండా వాచ్‌మన్‌ని, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లని, ఇస్త్రీ బండి అతన్ని, వీధి చివర ఆటోవాళ్లని కూడా పిలవండి, కుర్చీలు వాళ్లకీ వేయండి. వీధిలో కొత్త మొహం ఎవరిదో ముందు తెలిసేది వాళ్లకే, లోన్ యాప్‌ల చేతిలో, వడ్డీ వ్యాపారుల చేతిలో ఎక్కువగా నలిగిపోయేదీ వాళ్లే.

వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారు కదా, వారం ముందే ఆవిడని కలిసి ఆవిడ ద్వారా స్టేషన్ ఎస్సై గారిని పిలవండి. "సార్, ప్రసంగం వద్దు, మన స్టేషన్ పరిధిలో ఈమధ్య ఏ రకం కేసులు ఎక్కువ వస్తున్నాయో పావుగంట చెప్పండి, తర్వాత మా ప్రశ్నలకు జవాబివ్వండి" అని ముందే అడిగేయండి. అలా అడిగితే వాళ్లకీ తేలిక.

2. పేరు రాయని చీటీలు

సమావేశానికి నాలుగు రోజుల ముందు వాచ్‌మన్ దగ్గర ఒక డబ్బా పెట్టి, ఎవరికి ఏ మోసం, ఏ దొంగతనం, ఏ బెదిరింపు ఎదురైందో పేరు లేకుండా రాసి వేయమనండి. రాయలేనివాళ్లకి ఇంటర్ చదివే పిల్లలెవరైనా రాసిపెట్టొచ్చు. చిన్నపిల్లలకు సంబంధించిన చీటీ వస్తే మాత్రం అందరి ముందు చదవకూడదు, దాని సంగతి ఐదో మెట్టులో చెబుతాను. మిగతావి చదివి వినిపించండి. తన వీధిలోనే ఇంకొకరికి కూడా జరిగిందని తెలిస్తే, అప్పటిదాకా తనొక్కరే అమాయకంగా పడ్డానని కుమిలిపోతున్న మనిషికి ఎంత ఊరటో చెప్పలేను.

3. మోసగాడి ఫోన్‌ని ఆడి చూపించండి

సమావేశం మొత్తంలో ఎక్కువ టైము దీనికే ఇవ్వండి. కొంచెం గట్టి గొంతు ఉన్న ఒకరు మోసగాడు, రిటైరైన టీచరమ్మ లాంటి పెద్దావిడ ఒకరు ఫోన్ ఎత్తేవారు. సంభాషణ ఇలా నడపండి:

"మేడం, ముంబయి నుంచి మాట్లాడుతున్నాం. మీ ఆధార్‌తో బుక్ చేసిన పార్సిల్లో డ్రగ్స్ దొరికాయి. మీ మీద కేసు నమోదైంది."

"నేనేం పార్సిల్ పంపలేదు బాబూ."

"అయితే మీ ఆధార్ ఎవరో వాడారు. మా ఆఫీసర్ వీడియో కాల్లోకి వస్తారు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి. ఇంట్లో ఎవరికైనా చెబితే వాళ్లనీ కేసులో పెట్టాల్సి వస్తుంది."

ఇక్కడ ఆపండి. ఆపి అందరినీ అడగండి, ఎక్కడ అనుమానం రావాలి అని. ఆధార్ దగ్గర, డ్రగ్స్ దగ్గర అని రకరకాలుగా చెబుతారు. తలుపు వేసుకోమన్న మాట, ఎవరికీ చెప్పొద్దన్న మాట, ఇవి రెండూ అందరి చెవుల్లో పడాలి. ఏ నిజమైన పోలీసూ, ఏ బ్యాంకూ ఆ మాట అనరు. ఇలా వీడియో కాల్లో కట్టిపడేయడాన్ని డిజిటల్ అరెస్టు అంటున్నారు, అలాంటిది మన చట్టంలోనే లేదు, 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. ఇప్పుడు పెద్దావిడ చేత "మా అబ్బాయి పక్కనే ఉన్నాడు, స్టేషన్‌కి వెళ్లి కనుక్కుంటాం" అని గట్టిగా అనిపించి ఫోన్ పెట్టేయించండి. అక్కడున్న పెద్దవాళ్లందరి చేతా ఒక్కొక్కరిగా అనిపించండి. మొదట మొహమాటపడతారు, పర్లేదు, నోటితో ఒకసారి అన్న మాట భయంలో కూడా గుర్తొస్తుంది.

ఇదే పద్ధతిలో చిన్నచిన్నవి ఇంకో రెండు ఆడండి. ఒకటి, మీ ఫోన్‌పేకి డబ్బు పంపిస్తున్నా, అది రావాలంటే పిన్ కొట్టండి అనే కాల్ (డబ్బు మనకు రావాలంటే యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే). రెండోది కుర్రాళ్ల కోసం: "నీ బ్యాంకు అకౌంట్ నెల రోజులు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం." కాలేజీ పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి. మోసపోయినవాళ్ల డబ్బు దాచడానికే ఆ అకౌంట్ అడుగుతారు, రేపు పోలీసులు వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల ఇంటికే. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగం అనే ఏజెంట్ల గురించి కూడా ఇక్కడే చెప్పండి. కంబోడియా తీసుకెళ్లి మన పిల్లల చేతే సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

4. ఫోన్లు చేతిలోకి

అక్కడికక్కడే, కూర్చున్నచోటే, అందరి ఫోన్లలో 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్), 112 (అత్యవసర నంబరు) సేవ్ చేయించండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (ఓటీపీతో పాటు మనం పెట్టుకున్న పిన్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టించండి. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్‌ని ఎక్కించే ఫైలు) ఎలా ఉంటుందో స్క్రీన్ మీద చూపించి, నొక్కితే ఫోన్లోకి వచ్చే ఓటీపీలన్నీ అవతలివాడి చేతికి వెళ్లొచ్చని చెప్పండి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ డయల్ చేస్తే వచ్చే ఐఎంఈఐ నంబరును (ఒక్కో ఫోన్‌కి ఒక్కోటిగా ఉండే గుర్తింపు నంబరు) ఇంట్లో ఏ డైరీలోనో రాసుకోమనండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చాక కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్లో ఆ ఫోన్‌ని బ్లాక్ చేయించడానికి ఆ నంబరే కావాలి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణం నుంచి ఏం చేయాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి లిఫ్టు పక్కన అంటించండి: ముందు 1930కి ఫోన్, తర్వాత బ్యాంకు కస్టమర్ కేర్‌కి చెప్పి ఖాతా, కార్డు ఆపించడం, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు, మెసేజ్‌లు, స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబర్లు ఏవీ డిలీట్ చేయకుండా ఉంచడం. పోయిన డబ్బు ఇప్పిస్తామని తర్వాత ఫోన్ చేసేవాళ్లు ఇంకో రకం మోసగాళ్లని కింద ఒక లైను తప్పకుండా రాయండి.

5. ఆడవాళ్లు, పిల్లల సంగతి విడిగా

అందరి మధ్య ఏ ఆడమనిషీ ఇంట్లో దెబ్బలు తింటున్నానని చెప్పదు. అందుకని మహిళా పోలీసుతో ఆడవాళ్లు మాత్రమే కూర్చునేలా ఇంకో రోజు మధ్యాహ్నం పెట్టండి. 2005 నాటి గృహహింస చట్టం ఉంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, దాని నంబరు 15100. ఆడవాళ్ల రక్షణ కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన శక్తి యాప్‌ని అక్కడే ఫోన్లో వేసి చూపించమనండి.

పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పంచాయితీ పెట్టి సర్దుబాటు చేసే వ్యవహారం కాదది. బిడ్డ పేరు, ఇల్లు, బడి ఏదీ నలుగురిలో బయటపెట్టకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా నేరుగా స్టేషన్‌కి వెళ్లండి.

6. మిగతా నేరాలు, మన ఊళ్లో ఎలా జరుగుతాయో

నెహ్రూ బస్టాండులో బస్సెక్కే తోపులాట, దసరాకి దుర్గమ్మ కొండ చుట్టూ జనం, తెల్లవారుజామున గుమ్మం ముందు ముగ్గేసే టైము, గొలుసులు, పర్సులు పోయేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. "అమ్మా, ముందు వీధిలో గొడవలు, మేం పోలీసులం, నగలు తీసి ఈ కాగితంలో పెట్టుకోండి" అంటే ఒక్క అడుగు వెనక్కి వేసి దగ్గర్లో ఉన్న షాపులోకి వెళ్లిపొమ్మనండి. స్నాచింగ్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ కింద విడిగా నేరం. తాళం వేసి ఊరెళ్లేటప్పుడు స్టేషన్లో చెప్పి వెళ్లండి, తిరిగొచ్చేదాకా వాట్సాప్ స్టేటస్ పెట్టకండి.

వడ్డీలు, డిపాజిట్ల గురించి మన ఊరి అనుభవమే చెప్పండి, ఎందుకంటే అప్పుల పేరుతో ఆడవాళ్లని వేధించిన కాల్‌మనీ వ్యవహారం 2015 డిసెంబరులో బయటపడింది విజయవాడలోనే, లక్షల మంది డిపాజిటర్లు నష్టపోయిన అగ్రిగోల్డ్ నడిచింది కూడా విజయవాడ కేంద్రంగానే. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. చిట్టీ వేసే ముందు అది రిజిస్టరైందో లేదో చిట్స్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి, అడిగితే తప్పేం లేదు. గంజాయి అమ్మకాల సమాచారం మత్తుమందుల మీద పనిచేసే ఈగల్ పోలీసు విభాగానికి, 1972కి ఫోన్ చేసి ఇవ్వండి.

7. స్టేషన్‌కి ఎలా వెళ్లాలి

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీ. స్టేషన్లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును గుంటూరులో ఎస్పీకి, విజయవాడలో కమిషనర్‌కి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. బాధితులు ఒంటరిగా వెళ్లకుండా తోడు వెళ్లడానికి మీ వీధిలో ఇద్దరి పేర్లు, అందులో ఒకరు ఆడవాళ్లయితే మంచిది, సమావేశంలోనే రాసుకోండి. నన్నడిగితే ఈ ఒక్క పని జరిగినా సమావేశం దండగ కాదు.

8. తర్వాత గ్రూపులో

అనుమానితుడంటూ ఎవరి ఫోటో గ్రూపులో పెట్టకూడదు, సీసీ కెమెరా వీడియో నేరుగా స్టేషన్‌కే ఇవ్వాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లకి దేశమంతటా అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. మోసపోయానని ఎవరైనా రాస్తే "ఎలా నమ్మారండీ" అని ఎవరూ అడగకూడదని అడ్మిన్ ముందే చెప్పాలి, "1930కి చేశారా, నేను రానా" అని అడగాలి. సమావేశం ఏడాదికి రెండు చాలు, వేసవి సెలవులకు ఊళ్లెళ్లే ముందు ఒకటి, దసరాకి ముందు ఒకటి. మోసగాడి వేషం మాత్రం ప్రతిసారీ కొత్త మనిషికి ఇవ్వండి, డైలాగులు ఆ నెలలో స్టేషన్‌కి వచ్చిన కేసుల్లోంచి ఎస్సై గారినే అడిగి రాసుకోండి.