మా ఇంటి అసలు లెక్క తేలిన రోజు

ఫ్లాట్ ఉంది, బంగారం ఉంది, కోటికి దగ్గర్లో ఉన్నామని నేనూ మా ఆవిడా చాలా కాలం ధీమాగా ఉన్నాం. పాప కాలేజీ ఫీజు దగ్గర చేతిలో డబ్బు ఆడక టెన్షన్ పడ్డాకే నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాం.

ఎడమ పేజీలో ఆస్తులు: ఫ్లాట్ 62 లక్షలు, బంగారం 11, పీఎఫ్ 6, పాలసీ 1.5. కుడి పేజీలో అప్పులు: హోమ్ లోన్ 41, గోల్డ్ లోన్ 3. మొదట పాలసీ దగ్గర బీమా మొత్తం 5 లక్షలు రాసేశాను. ఈరోజు మానేస్తే చేతికొచ్చేది సరెండర్ విలువే కాబట్టి కొట్టేశాను. నగలకూ అంతే. కొన్నప్పటి బిల్లులో తరుగు, మజూరీ కలిసి ఉంటాయి. రాళ్ల బరువు తీసేసి, 22 క్యారెట్ల ధరతో మళ్లీ లెక్కేశాం.

అప్పుడు మా ఆవిడ మెల్లగా అడిగింది, "మరి చీటీ?" పాడేసుకున్న చీటీ! డబ్బు ముందే తీసేసుకున్నాం, కట్టాల్సింది ఇంకా 16 నెలలు, నెలకు 15 వేలు. అంటే 2.4 లక్షల అప్పు. నిజంగా అది నాకు తట్టనే లేదు.

నికరంగా మిగిలింది 34.1 లక్షలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు గోల్డ్ లోన్ తీర్చి నగలు విడిపించాం. ఇప్పుడు బోనస్ వస్తే నేరుగా హోమ్ లోన్ అసలుకే కడుతున్నాం. మాది ఫ్లోటింగ్ వడ్డీ, అంటే రేటు మారుతూ ఉండేది; ముందే కట్టినా పెనాల్టీ లేదు. ప్రతి ఉగాదికీ అదే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీస్తున్నాం.