డార్మ్ సామాన్ల పికప్‌కి ముందు జాగ్రత్తలు

అమెరికాలో మే నెలలో ఫైనల్ పరీక్షలు అవ్వగానే డార్మ్‌లు (కాలేజీ హాస్టళ్లు) ఒకేసారి ఖాళీ అవుతాయి. ఆగస్టు దాకా మన గోడౌన్‌లో ఉండే ఆ స్టూడెంట్ల సామాను మన బాధ్యతే. అందుకే ట్రక్కు ఎక్కేముందు ఇవి చూసుకోండి.

• ఎఫ్-1 (స్టూడెంట్) వీసా ఉన్న ఇంటర్న్‌లు: కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి, పడిందా? మీ కోర్సుకు సంబంధించిన పనైతేనే అది వస్తుంది. పడేదాకా ఒక్క పెట్టె కూడా మోయొద్దు.

• పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే సర్దాలి. పెద్దదాంట్లో నింపితే అడుగు ఊడిపోతుంది.

• మినీ ఫ్రిజ్‌ని ముందురోజే ప్లగ్ తీసి, తలుపు తెరిచి ఆరబెట్టమని చెప్పండి. ఒకసారి నేను తడి చూసుకోకుండా టేపు వేసేశాను. ఆగస్టులో తెరిస్తే రబ్బరు అంచు మడతల్లో కూడా నల్లటి బూజు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు కానీ, ఆ ముఖం నాకింకా గుర్తుంది.

• పవర్ బ్యాంకులు, స్కూటర్ బ్యాటరీలు, తినేవి ఏవీ తీసుకోవద్దు. ఇంటినుంచి వచ్చిన ఆవకాయ సీసా అయినా సరే, ఎండాకాలం గోడౌన్‌లో పెట్టకూడదు.

• పెట్టెకి రెండు పక్కలా పేరు, నంబరు రాయండి. ముందే ఉన్న గీతలు, సొట్టలు ఓనర్ ఎదురుగానే ఫోటో తీయండి. తర్వాత గొడవ, టెన్షన్ ఉండవు.

• బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచండి, నడుము కాదు. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.