నల్ల బండికి వ్యాక్స్ పెట్టే ముందు ఆ గీతల సంగతి తేల్చండి

నల్ల కారు కొన్న కొత్తలో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తా. ఓ రాత్రి ట్యూబ్‌లైట్ కింద బండి కడిగి, తుడిచి, భుజాలు పీకేదాకా వ్యాక్స్ రుద్ది, అద్దంలా ఉందిరా అని మురిసిపోయి పడుకున్నాను. పొద్దున్నే ఎండలోకి తీసి చూస్తే బానెట్ మీద సూర్యుడి చుట్టూ పెద్ద సాలెగూడు! వ్యాక్సే పాడు చేసిందని ఆ డబ్బాను నానా తిట్లూ తిట్టాను గానీ, పాపం దాని తప్పేమీ లేదు. చాలా గీతలు ముందే ఉన్నాయి, కొన్ని ఆ రాత్రి నేను పాత బనియన్ ముక్కతో కొత్తగా పెట్టాను. ట్యూబ్‌లైట్ వెలుతురు పలచగా అంతటా పరుచుకుంటుంది కాబట్టి ఏవీ బయటపడలేదు, అంతే.

తెల్ల బండి మీద గీతలు ఉండవనుకోకండి. ఉంటాయి. కాకపోతే తెల్ల రంగు వెలుతురును అన్ని వైపులకీ వెదజల్లుతుంది, గీత అంచున పుట్టే సన్నని మెరుపు అందులో కలిసిపోతుంది. నలుపు, ముదురు నీలం, మెరూన్ లాంటివి వెలుతురును మింగేస్తాయి కాబట్టి ఆ అంచు ఒక్కటే మెరుస్తూ నల్ల ప్యాంటు మీద దూదిపోగులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే, ఆ సాలెగూడు గుండ్రంగా కనిపిస్తుంది గానీ గీతలు గుండ్రంగా పడనక్కర్లేదు. అన్ని దిక్కులకీ పడ్డ గీతల్లో సరైన కోణంలో ఉన్నవి మాత్రమే మన కంటికి వెలుతురు కొడతాయి, అవన్నీ కలిసి దీపం చుట్టూ వలయంలా అనిపిస్తాయి. ఫోన్ టార్చ్ వేసి పక్కకి జరపండి, సాలెగూడు కూడా దాని వెంటే జరుగుతుంది. అందుకే "గుండ్రంగా రుద్దకుండా నిలువుగా రుద్దితే గీతలు పడవు" అనే సలహాను నేను పెద్దగా పట్టించుకోను. గుడ్డలో ఇసుక ఉంటే ఎటు రుద్దినా గీతే.

ముందు బండిని బాగా కడగండి. తర్వాత నీడలోకి తెచ్చి టార్చ్‌తో ఒక్కో ప్యానెల్ చూడండి. గీత కనిపించిన చోట గోటిని దానికి అడ్డంగా, మెల్లగా లాగండి. గోరు జారిపోతే అది పైపై గీత, పాలిష్‌తో పోయే అవకాశం ఎక్కువ. గోరు తట్టుకుని ఆగితే లోతైనది, దానితో కుస్తీ పట్టొద్దు. గీత లోపల తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే చాలావరకు ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) దాకా దిగినట్టే. రేకు కనిపిస్తే ఇక అందం గురించి కాదు, తుప్పు గురించి ఆలోచించాలి.

ఈ లోతు గొడవ ఎందుకంటే, ఇప్పటి కార్లకి ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఆ క్లియర్ కోట్ చాలా బండ్లకి 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అంటే మామూలుగా మన తలవెంట్రుక మందం కంటే తక్కువ. సాలెగూడు గీతలన్నీ ఆ పొరలోనే ఉంటాయి. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు, దాని చుట్టూ ఉన్న పొరను గీత అడుగుదాకా అరగదీయడం. అరిగింది మళ్లీ రాదు. మన బ్యాంకు బ్యాలెన్స్ లాంటిదనుకోండి, వాడుకోవడమే గానీ వేసేవాళ్లు ఉండరు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మనం మాటల్లో అన్నింటినీ "పాలిష్" అనేస్తాం. వ్యాక్స్ పైన కూర్చునే పొర, దానికి అరగదీసే పని తెలియదు. పాలిష్‌లో, దానికంటే గరుకైన కాంపౌండ్‌లో సన్నని గరుకు పొడి ఉంటుంది, అవి కోస్తాయి. క్లీనర్ వ్యాక్స్ అని రెండూ కలిపినవీ ఉన్నాయి, గ్లేజ్ అని గీతల్లో నూనెలు నింపి దాచేవీ ఉన్నాయి. దాచడం మోసమేమీ కాదు. రేపు ఫంక్షన్‌కి వెళ్లాలి, టైమ్ లేదు అంటే నేనైనా అదే పూస్తా. కాకపోతే నాలుగు వాష్‌లు అయ్యేసరికి గీతలన్నీ మళ్లీ హాజరు వేయించుకుంటాయి, అప్పుడు టెన్షన్ పడొద్దు.

నిజంగా తగ్గించాలంటే వ్యాక్స్ కంటే ముందే పాలిష్ చేయాలి. బండి మొత్తం ఒకేసారి మొదలుపెట్టకుండా బానెట్ మీద ఒక అడుగు చదరం చోటు ఎంచుకోండి. మీ దగ్గరున్న వాటిలో అన్నింటికంటే సన్నని పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడ్ తీసుకుని కొద్దిగా రుద్ది, తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బాగా నీళ్లు కలిపి ఆ చోటును ఒకసారి తుడవండి. ఈ తుడుపు తప్పనిసరి, ఎందుకంటే పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి పోయినట్టు భ్రమ పెడతాయి. ఇప్పుడు టార్చ్ వేయండి. చాలనిపిస్తే అదే పద్ధతిలో మిగతా బండి చేయండి, చాలకపోతేనే ఒక మెట్టు గరుకైనది పట్టుకోండి. చేత్తో కూడా అవుతుంది గానీ నల్ల బండి మొత్తానికి అంటే రెండు రోజులు చేతులు పైకి లేవవు. మెషీన్ వాడితే ప్యాడ్ తిరుగుతూ ఊగే డ్యూయల్ యాక్షన్ రకం కొత్తవాళ్లకి క్షేమం. ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ వేడి పుట్టించి నిమిషాల్లో పొర తినేస్తుంది. మడతల అంచుల దగ్గర, ప్లాస్టిక్ బంపర్ మీద చెయ్యి తేలిక చేయండి. అంచుల్లో పెయింటు పలచగా ఉంటుంది, ప్లాస్టిక్ వేడిని పోనివ్వదు. క్లియర్ కోట్ ఉన్న బండి మీద గుడ్డకి బండి రంగు అంటుకుంటే ఉన్నపళంగా ఆపేయండి. పాత బండ్లలో క్లియర్ కోట్ లేని పెయింటు ఉంటే మాత్రం గుడ్డకి రంగు అంటడం మామూలే.

మెరుపు లేని మ్యాట్ ఫినిష్ పెయింటు అయితే ఇవేవీ వద్దు, పాలిష్ తగిలితే మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది.

గోటికి తగిలిన గీతలకి టచ్-అప్ పెయింటు వేయాలనుకుంటే వ్యాక్స్ కంటే ముందే వేయండి, మైనం మీద రంగు పట్టదు. సన్నటి కుంచెతో పలచగా రెండు మూడు సార్లు వేసి, డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరనిచ్చాకే ఆ చోట వ్యాక్స్ పెట్టండి.

ఇక వ్యాక్స్. నీడలో, చేయి పెడితే చల్లగా తగిలే ప్యానెల్ మీద మాత్రమే పెట్టండి. ఎంత పలచగా అంటే, పూశారో లేదో అని మీకే అనుమానం రావాలి. మందంగా పూస్తే మెరుపు పెరగదు, తుడవడానికి ఎక్కువ రుద్దాలి, ఎక్కువ రుద్దితే కొత్త గీతలు. పైగా లోతు గీతల్లో, రాయి తగిలి పెచ్చు లేచిన గుంటల్లో అది ఎండి తెల్లగా ముగ్గు గీసినట్టు కనిపిస్తుంది, నల్ల బండి మీద అదొక నరకం. అలా ఇరుక్కుంటే బాగా మెత్తని బ్రష్ మీద ఇంకాస్త అదే వ్యాక్స్ తీసుకుని తడిపి, వెంటనే గుడ్డతో అద్దండి, ఎండిన దాన్ని గోకొద్దు. తుడిచే టైమ్ వచ్చిందా లేదా తెలియాలంటే వేలితో ఒక గీత గీసి చూడండి. చెదిరినట్టు కాకుండా శుభ్రంగా వస్తే వచ్చినట్టే. కొన్ని రకాలు ఎండకముందే తుడవాలి, కాబట్టి డబ్బా చదవండి.

గుడ్డ విషయంలో మాత్రం నేను చాదస్తుణ్ణి. మెత్తటి మైక్రోఫైబర్ కనీసం నాలుగు ఉండాలి, లేబుల్ కత్తిరించేయాలి, రెండుసార్లు సగానికి మడిచి ఒక వైపు మురికి కాగానే ఇంకో వైపు తిప్పాలి. కింద పడ్డ గుడ్డ దులిపి మళ్లీ వాడితే ఇంత పనీ గోవిందా. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు, విడిగా ఉతకండి, దూదిపోగులు అంటుకుంటాయి.

తర్వాత రోజుల్లో దుమ్ము కనిపించగానే పొడిగుడ్డతో దులిపే అలవాటు ఉంటే మానేయండి, సాలెగూడు పుట్టేది ముఖ్యంగా అక్కడే. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించి, రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గ్లౌజు జాడించే నీళ్లు, పైనుంచి కిందికి కడగండి.

చివర్న, డోర్ హ్యాండిల్ వెనక గుంటలో ఒకసారి టార్చ్ వేయండి. అక్కడ గోళ్లు, ఉంగరాలు గీసిన గీతలు గుంపుగా ఉంటాయి. మెషీన్ పట్టదు, గుడ్డను చూపుడువేలికి చుట్టి కొంచెం సన్న పాలిష్ అద్ది నిమిషం రుద్దితే పైపైవి చాలావరకు పోతాయి. నా బండికి రెండు వారాల్లో మళ్లీ వచ్చేశాయి, ఈసారి పోగొట్టాక ఆ గుంటలో పారదర్శకమైన ఫిల్మ్ అంటించేశాను.