బీటెక్ మొదటి ఏడాదిలోనే డిటెయిన్ అయ్యారా? ఎక్కడ ఆగిందో చూసి సరిచేసుకోండి

ఇక్కడి అంకెలు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్‌వి (2022లో వచ్చిన నియమావళి). అటానమస్ కాలేజీవాళ్లు, వేరే రెగ్యులేషన్‌వాళ్లు తమ రెగ్యులేషన్ పుస్తకంలోని అంకెలతో సరిచూసుకోవాలి.

సమస్య: రెండో ఏడాది జాబితాలో పేరు లేదు

కారణం హాజరు తగ్గడమైనా అయి ఉండాలి, క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) తగ్గడమైనా అయి ఉండాలి. ఏదో తేల్చుకోకుండా ఫీజు కట్టకండి, ఎందుకంటే రెండింటికీ దారులు వేరు.

హాజరు మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కు పైన, 75కు లోపు ఉంటే తగిన కారణం, దానికి రుజువు చూపి కండోనేషన్ (తగ్గిన హాజరును మన్నించే) ఫీజు కట్టవచ్చు. 65 కూడా లేకపోతే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. తర్వాతి బ్యాచ్‌తో అదే సెమిస్టర్‌లో మళ్లీ కూర్చోవాల్సిందే.

క్రెడిట్ల లెక్క వేరు. మొదటి ఏడాది 40లో కనీసం 20 రావాలి. తక్కువైతే పాత క్లాసులకు వెళ్లనక్కర్లేదు. సప్లీలు (పోయిన సబ్జెక్టుల సప్లిమెంటరీ పరీక్షలు) రాసి 20 చేర్చి, రెండో ఏడాదిలో రీఅడ్మిషన్ తీసుకోవాలి. చాలామంది ముందు తేలికగా కనిపించే చిన్న సబ్జెక్టులన్నీ రాస్తారు, క్రెడిట్లు మాత్రం కదలవు. ఎం-1 (మొదటి లెక్కల పేపర్) ఒక్కటి పాసైతే 4 క్రెడిట్లు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

సమస్య: ఎం-1 రెండుసార్లు రాసినా పోయింది

సాధారణంగా కారణం ఇంటర్‌లో వదిలేసిన ఇంటిగ్రేషన్. అయిదు యూనిట్లనూ తలా కొంచెం చదివితే ఏ పది మార్కుల లెక్కా చివరిదాకా రాదు.

పేపర్ ఎలా ఉంటుందో చూడండి. పార్ట్-ఎలో యూనిట్‌కు రెండు చొప్పున 10 ఒక మార్కు ప్రశ్నలు. పార్ట్-బిలో యూనిట్‌కు 10 మార్కులు, రెండు ప్రశ్నల్లో ఒకటి రాస్తే చాలు. మూడు యూనిట్లు గట్టిగా పట్టుకుంటే 36 మార్కులు చేతికి అందుతాయి. అందులో 70 శాతం రాబట్టినా 25, అంటే పాస్‌కు కావాల్సిన 21 దాటినట్టే.

ఇంటిగ్రేషన్ భయం ఉన్నవాళ్లు 1, 2, 4 యూనిట్లు తీసుకోండి: మాత్రికలు, ఐగెన్ విలువలు, పార్షియల్ డిఫరెన్సియేషన్. ఒకటిలో ర్యాంకు, గాస్ ఎలిమినేషన్. రెండులో కేలీ-హామిల్టన్, క్వాడ్రాటిక్ ఫామ్. నాలుగులో జాకోబియన్, గరిష్ఠ కనిష్ఠాలు. ఒక్కో యూనిట్‌కు పది రోజులు ఇచ్చి, రోజూ రెండు లెక్కలు పుస్తకం మూసి చేయండి. మార్కులు ఎక్కువగా పోయేది పద్ధతి తెలియక కాదు, వరుసలు తీసివేసేటప్పుడు ప్లస్, మైనస్ గుర్తు తప్పి. ఐగెన్ విలువలు రాగానే కూడి చూడండి. ఆ మొత్తం మాత్రిక ప్రధాన వికర్ణంలోని అంకెల మొత్తంతో సరిపోవాలి. లేదంటే అక్కడే ఆగి వెనక్కి వెళ్లండి.

సమస్య: ఎక్స్‌టర్నల్‌లో 21 దాటినా ఫెయిల్

ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష)లో 60కి 21తో పాటు, 40 మార్కుల ఇంటర్నల్స్ (కాలేజీలోనే వేసే మార్కులు) కలిపి 100కి 40 కావాలి. ఇంటర్నల్స్ 19 ఉంటే 21 చాలు, 14 ఉంటే 26 తెచ్చుకోవాలి. ఇంటర్నల్స్‌లో 14 కూడా లేకపోతే సప్లీ ఎంత బాగా రాసినా పాస్ కాదు. పరీక్షల విభాగంలో రీ-రిజిస్ట్రేషన్ (ఆ సబ్జెక్టుకు మళ్లీ నమోదు) గురించి అడగండి. ఫలితాల్లో రెండు మూడు మార్కులే తగ్గితే రీవాల్యుయేషన్ గడువు ఎప్పుడో ఆ రోజే చూడండి, అది చాలా తక్కువ రోజులే ఉంటుంది.

సమస్య: తిరిగి చేరాక మళ్లీ హాజరు పడిపోతోంది

జూనియర్ల మధ్య కూర్చోవడం కష్టమే, నిజం. కానీ వారానికి 36 పీరియడ్లు అనుకుంటే 9 పోగానే హద్దు వచ్చేస్తుంది, అంటే రోజున్నర. శని, సోమవారాలు ఊళ్లో గడిపితే మిగిలేది 67 శాతం లోపే. ప్రతి శనివారం హాజరు శాతం చూసుకోండి.

సమస్య: చదివిన సబ్జెక్టులే పేర్లు మారి ఎదురయ్యాయి

మీరు చేరిన బ్యాచ్ రెగ్యులేషన్ మారింది. రీఅడ్మిషన్ నాడే సబ్‌స్టిట్యూట్ (బదులు) సబ్జెక్టుల జాబితాను కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మళ్లీ చదివే ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద లెక్క పెట్టుకోకుండా, ఆ డబ్బు సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.