క్రిస్మస్ రోజు ఇంటిల్లిపాదీ కలిసి ఫోటో ఎలా తీసుకోవాలి?

మూడేళ్ల కిందట క్రిస్మస్‌కు, కువైట్‌లో ఉన్న మా అక్కకు నలభై ఫోటోలు పంపాను. కడపలో మా మిద్దె మీద కట్టిన స్టారు, కేకు, కొత్తబట్టల్లో పిల్లలు, చర్చి ముందు మేనమామలు, అన్నీ ఉన్నాయి. అక్క ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది: "అమ్మ ఏదిరా?" అమ్మ పొద్దుటి నుంచి బిర్యానీ దగ్గరే ఉంది. నలభైలో ఒక్కదాంట్లోనూ లేదు. ఆ మరుసటి ఏడు నుంచి మిగతావి ఎన్ని తీసినా, అందరూ ఉండే ఫోటో ఒకటి మాత్రం ముందే అనుకుని తీస్తున్నాం.

ముందు టైం ఖాయం చేయండి

అన్నిటికంటే ముఖ్యం ఇదే. డిసెంబరు చివర్లో మా కడపలో ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఆరుకు పది నిమిషాల ముందే కుంగుతుంది. మా చర్చిలో ఆరాధన ముగిసి ఇంటికి చేరేసరికి పన్నెండు దాటుతుంది. ఆ ఎండలో నిలబెడితే అందరూ కళ్లు చిట్లిస్తారు, కనుబొమల నీడ కళ్ల మీద పడుతుంది. పైగా ఆకలి. కాబట్టి పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, లేదంటే సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర వరకు తీయండి.

నన్నడిగితే పొద్దునే మేలు. చీరలు నలగవు, పూలు వాడవు. సాయంత్రానికి సగం మంది నిద్రలో ఉంటారు, సగం మంది చుట్టాల ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.

24వ తేదీ రాత్రి బట్టలు ఇస్త్రీ చేసుకునేటప్పుడే టైం చెప్పేయండి. వంట చేసేవాళ్లకు మరీ ముఖ్యంగా చెప్పండి: ఫోటో అయ్యాకే మసాలా నూరడం. వాళ్లను పిలుచుకొచ్చే పని ఒకరికి అప్పజెప్పండి, లేకపోతే "మీరు తీసుకోండి, నేను తర్వాత వస్తా" అనే మాటతోనే ఆ పూట గడిచిపోతుంది.

చోటు ఎంచుకోవడం

చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఒరిగి వెళ్తాడు. అందుకే ఉత్తరం వాకిలి ఇళ్ల ముందు రోజంతా నీడే ఉంటుంది, ఫోటోకు అంతకంటే మంచి చోటు లేదు. పడమటి వాకిలి అయితే పొద్దున, తూర్పు వాకిలి అయితే సాయంత్రం తీయండి. దక్షిణం వాకిలి వాళ్లు ఇంటి వెనక పెరట్లో చూసుకోవచ్చు. వేపచెట్టు కింద చల్లగా ఉందని నిలబెట్టకండి. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మొహాల మీద పడి, ఎవరి మొహమూ సరిగా రాదు.

బైకు, బకెట్లు, దండెం మీది బట్టలు తీసేయండి. వాకిట్లో వేసిన నక్షత్రం ముగ్గు మాత్రం ఉంచండి. అందరినీ దాని చుట్టూ నిలబెట్టి, మిద్దె మీది నుంచి కిందికి ఒక ఫోటో తీసి చూడండి. మా పిల్లలకు అన్నిటికంటే అదే ఇష్టం.

కూర్చోబెట్టడం

అవ్వాతాతలకు మధ్యలో కుర్చీలు, వాళ్ల ముందు చాప మీద పిల్లలు, వెనక పొడుగువాళ్లు. గోడకు ఆనించకుండా నాలుగైదు అడుగులు ముందుకు జరపండి. మోకాళ్ల నొప్పులున్న అవ్వను అన్నీ సిద్ధమయ్యాక చివరగా పిలవండి, మొదటే కూర్చోబెట్టి అరగంట కాయించొద్దు.

మా కడపలో చాలా ఇళ్లకు కువైట్‌లో ఒక మనిషి ఉంటారు. మేము అక్కకు వీడియో కాల్ చేసి, ఆ ఫోన్ అమ్మ చేతికిస్తాం. స్క్రీన్ వెలుతురు పెంచితే ఫోటోలో అక్క మొహం కూడా కనబడుతుంది.

ఫోన్‌తో తీసేటప్పుడు

లెన్స్‌ను మెత్తని గుడ్డతో తుడవండి. కెమెరాలో జూమ్ 0.5 పెట్టకండి, అంచుల్లో ఉన్నవాళ్లు సాగినట్టు వస్తారు. 1లో ఉంచి పది పన్నెండు అడుగులు వెనక్కి వెళ్లండి. ఫోన్ కూర్చున్నవాళ్ల మొహాల ఎత్తులో ఉండాలి. పండగకు తెల్లచీరలు, తెల్లచొక్కాలు ఎక్కువ కదా, అవి వెలిసిపోయినట్టు కనబడితే స్క్రీన్ మీద మొహాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి.

బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. అది మన రంగు మార్చేస్తుంది, అవ్వ మొహం మీద ముడతలు చెరిపేస్తుంది. ముడతలు లేని అవ్వ మా అవ్వ కాదు.

తీసేవాళ్లు కూడా ఫోటోలో ఉండాలి. ఫోన్‌ను స్టాండుకు బిగించి, లేదా స్టూలు మీద పుస్తకాలు పేర్చి ఆనించి, పది సెకన్ల టైమర్ పెట్టండి. అందరూ ఒకసారి కళ్లు మూసుకుని, ఇంకో క్షణంలో క్లిక్ అవుతుందనగా తెరవాలి. అలా చేస్తే రెప్ప వేసేవాళ్లు తగ్గుతారు. ఎంత బాగా వచ్చిందనిపించినా పది పన్నెండు తీయండి.

స్టారు వెలుగులో

చీకటి పూర్తిగా పడేదాకా ఆగొద్దు. ఆరు నుంచి ఆరుంబావు మధ్య ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది, స్టారూ వెలుగుతూ ఉంటుంది. ఫ్లాష్ వద్దు, వరండా లైటు వేస్తే చాలు. సీరియల్ బల్బులను మినుకుమినుకుమనకుండా స్థిరంగా వెలిగేలా పెట్టండి. నైట్ మోడ్‌లో రెండు మూడు సెకన్లు కదలకూడదు కాబట్టి చిన్నపిల్లలను పెద్దవాళ్ల ఒళ్లో కూర్చోబెట్టండి.

బయట తీసేటప్పుడు

చర్చిలో ప్రార్థన జరిగేటప్పుడు ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. యేసు పుట్టుకను చూపించే పశువుల పాక బొమ్మల దగ్గర తీయాలంటే మోకాళ్ల మీద కూర్చుని, పిల్లల కళ్ల ఎత్తులో తీయండి.

సెలవులకు గండికోట వెళ్లేవాళ్లకు ఒక మాట. పెన్న లోయ అంచున ఫోటో తీసేవాళ్లు వెనక్కి నడవొద్దు. ముందు అంచుకు దూరంగా మీరు నిలబడే చోటు చూసుకుని, తర్వాత అందరినీ సర్దండి.

పంపడం, ప్రింటు తీయించడం

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫోన్ వాడని అవ్వకు 8×12 సైజులో మ్యాట్ ప్రింటు తీయించి ఇవ్వండి. వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, సంవత్సరం రాయండి, బాల్‌పెన్‌తో ఒత్తి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి.

కువైట్ టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. మన ఎనిమిదిన్నరకు పంపితే అక్కడ ఆరు. మా అక్క పనికి బయలుదేరే ముందే చూసుకుంటుంది.