కంట్రోల్ వోల్టేజీ ఇచ్చినా పవర్ సప్లై మాట వినడం లేదా? ముందు ఫీడ్‌బ్యాక్ పిన్ చూడండి

అడ్జస్టబుల్ స్విచింగ్ సప్లైలో ప్రీసెట్ (ఔట్‌పుట్ వోల్టేజీని సెట్ చేసే చిన్న వేరియబుల్ రెసిస్టర్) తిప్పే పని మైక్రోకంట్రోలర్‌కు (ఆర్డుయినో లాంటి బోర్డులో మన కోడ్‌ను నడిపే చిప్) అప్పగించాలంటే తేలికైన దారి ఒకటుంది. 0 నుంచి 5 వోల్టుల సిగ్నల్‌ను ఒక రెసిస్టర్ (కంట్రోల్ రెసిస్టర్) ద్వారా ఫీడ్‌బ్యాక్ పిన్‌కు, అంటే ఔట్‌పుట్ ఎంతుందో సప్లై చిప్‌కు తెలిపే పిన్‌కు, కలిపితే చాలు. ఇది తేడా చేసినప్పుడు చాలామంది కోడ్ మారుస్తారు, తర్వాత చిప్ మారుస్తారు. రెండూ చేయకముందే మల్టీమీటర్ తీసుకుని ఫీడ్‌బ్యాక్ పిన్ దగ్గర వోల్టేజీ కొలవండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఉదాహరణకు డీసీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే ఎల్ఎం2596 అడ్జస్టబుల్ చిప్‌ను తీసుకుందాం. ఫీడ్‌బ్యాక్ పిన్‌ను 1.23 వోల్టుల దగ్గర నిలబెట్టడమే దాని పని. అందుకోసం ఔట్‌పుట్‌ను ఎంత కావాలంటే అంత పెంచుతుంది, తగ్గిస్తుంది. కాబట్టి మీటర్‌లో 1.23 కనిపిస్తే చిప్ ఆరోగ్యంగా ఉన్నట్టే, తప్పు మన లెక్కలోనో సిగ్నల్‌లోనో ఉంది. అంతకన్నా తక్కువ ఉంటే చిప్ పెంచాలని చూస్తోంది గానీ పెంచలేకపోతోంది: ఇన్‌పుట్ వోల్టేజీ చాలడం లేదు, లోడ్ ఎక్కువైంది, లేదా ఔట్‌పుట్ నుంచి ఆ పిన్‌కు వచ్చే పై రెసిస్టర్ తెగిపోయింది (పిన్ నుంచి గ్రౌండ్‌కు వెళ్లేది కింది రెసిస్టర్). ఈ చివరిది ప్రమాదం, ఎందుకంటే అప్పుడు ఇన్‌పుట్ వోల్టేజీ దాదాపు మొత్తం లోడ్ మీదికి వస్తుంది. 1.23 కన్నా ఎక్కువ ఉంటే చిప్ స్విచింగ్ ఆపేసి కూర్చుంది, బయటి నుంచి ఏదో ఆ పిన్‌ను పైకి నెడుతోంది.

సిగ్నల్ పెంచితే ఔట్‌పుట్ తగ్గుతోంది

ఇది లోపం కాదు. మనం ఆ పిన్‌లోకి కరెంట్ పంపినకొద్దీ, ఔట్‌పుట్ నుంచి రావలసిన కరెంట్ తగ్గుతుంది, దాంతో ఔట్‌పుట్ కూడా దిగుతుంది. కోడ్‌లో విలువను తిరగేసి రాసుకోండి. సూత్రం ఇదీ:

ఔట్‌పుట్ = 1.23 × (1 + పై రెసిస్టర్ ÷ కింది రెసిస్టర్) + (పై రెసిస్టర్ ÷ కంట్రోల్ రెసిస్టర్) × (1.23 − కంట్రోల్ వోల్టేజీ)

అనుకున్న రేంజ్ రావడం లేదు

5 నుంచి 15 వోల్టులు కావాలనుకుందాం. పై రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లు, కింది రెసిస్టర్ 1.1 కిలో ఓమ్‌లు, కంట్రోల్ రెసిస్టర్ 5 కిలో ఓమ్‌లు (రెండు 10 కిలోవి ప్యారలల్‌గా) పెట్టండి. సిగ్నల్ 0 దగ్గర 14.87 వోల్టులు, 5 దగ్గర 4.87 వోల్టులు వస్తాయి.

ఇదే సర్క్యూట్‌లో ఔట్‌పుట్ 8.3 దగ్గర ఆగిపోయి కిందికి దిగకపోతే, మీ బోర్డు పిన్ ఇచ్చేది 5 వోల్టులు కాదు, 3.3 మాత్రమే. కంట్రోల్ రెసిస్టర్‌ను 3.3 కిలో ఓమ్‌లకు తగ్గించి, కింది రెసిస్టర్‌ను 1.2 కిలోకు మార్చితే మళ్లీ రేంజ్ దగ్గరికి వస్తుంది.

రేంజ్ మూడో వంతుకు పడిపోతే కారణం వేరు. పీడబ్ల్యూఎం సిగ్నల్‌ను (మైక్రోకంట్రోలర్ పిన్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ ఇచ్చేది) సాఫు చేయడానికి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెట్టి, దాని తర్వాత కంట్రోల్ రెసిస్టర్ కలుపుతారు. ఆ 10 కిలో కూడా సిరీస్‌లో చేరి 5 కాస్తా 15 అయిపోతుంది. 10 వోల్టులు కదలాల్సిన ఔట్‌పుట్ 3.3 వోల్టులే కదులుతుంది. ఈ పొరపాటు చాలా సర్క్యూట్లలో చూశాను, ఎందుకంటే విడిగా చూస్తే ఫిల్టర్ లెక్కా సరిగ్గానే ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ లెక్కా సరిగ్గానే ఉంటుంది. ఫిల్టర్‌కూ కంట్రోల్ రెసిస్టర్‌కూ మధ్య ఒక ఆప్‌ఆంప్‌ను (యాంప్లిఫయర్ చిప్) వోల్టేజ్ ఫాలోవర్‌గా, అంటే వచ్చిన వోల్టేజీనే మార్చకుండా అవతలికి ఇచ్చేలా, పెట్టండి. ఆప్‌ఆంప్ ఔట్‌పుట్ 0 నుంచి 5 దాకా పూర్తిగా వెళ్లగలిగే రకమై ఉండాలి.

పాత ప్రీసెట్‌ను బోర్డు మీదే వదిలేసినా రేంజ్ నిలకడగా ఉండదు. ప్రీసెట్ పై రెసిస్టర్ స్థానంలో ఉంటే, దాన్ని కాస్త తిప్పినా గరిష్ఠమూ మారుతుంది, మొత్తం రేంజూ మారుతుంది. దాన్ని తీసేసి ఫిక్స్‌డ్ రెసిస్టర్ వేయండి.

ఆన్ చేయగానే, రీసెట్ చేయగానే ఔట్‌పుట్ ఎగురుతోంది

అన్నిటిలోకీ నన్ను టెన్షన్ పెట్టేది ఇదే. మిగతావి పని ఆపుతాయి, ఇది లోడ్‌నే కాల్చేస్తుంది. 5 వోల్టులతో నడుస్తున్న లోడ్ మీద రీసెట్ బటన్ నొక్కితే ఏమవుతుందో చూడండి. మైక్రోకంట్రోలర్ పిన్ ఎటూ కలవనట్టు వదిలేసిన స్థితికి వెళ్తుంది. కంట్రోల్ రెసిస్టర్‌ను నేరుగా ఆ పిన్‌కే కలిపి ఉంటే సిగ్నల్ లేనట్టే లెక్క, ఔట్‌పుట్ 12.4 వోల్టులకు లేస్తుంది. పవర్ ఆన్ చేసేటప్పుడు మరీ దారుణం: ఫిల్టర్ కెపాసిటర్ ఖాళీగా ఉండి సిగ్నల్ 0 నుంచి మొదలవుతుంది, అంటే ఔట్‌పుట్ నేరుగా గరిష్ఠానికి.

దీనికి రెండు చిన్న మార్పులు చాలు. మైక్రోకంట్రోలర్ పిన్ దగ్గర, ఫిల్టర్ రెసిస్టర్‌కు ముందు, 5 వోల్టుల లైన్‌కు 100 కిలో ఓమ్‌ల పుల్అప్ (పిన్‌ను పైకి లాగి ఉంచే రెసిస్టర్) పెట్టండి. ఫిల్టర్ కెపాసిటర్ రెండో కాలును గ్రౌండ్‌కు కాకుండా ఆ 5 వోల్టుల లైన్‌కే కలపండి. ఖాళీ కెపాసిటర్ ఇప్పుడు సిగ్నల్‌ను పైకి లాగుతుంది, ఔట్‌పుట్ కనిష్ఠం నుంచి మొదలవుతుంది. 5 వోల్టుల లైన్ శుభ్రంగా ఉండాలి, కన్వర్టర్ కన్నా ముందే లేవాలి. అలా లేవకపోతే ఎల్ఎం2596 ఆన్/ఆఫ్ పిన్‌ను వాడుకోండి, అది పైకి వెళ్తే చిప్ ఆగుతుంది. చాలా రెడీమేడ్ బోర్డుల్లో ఆ పిన్ గ్రౌండ్‌కు అతికించి ఉంటుంది, విడదీయాలి.

ఎన్ని చేసినా, కోడ్ ఇరుక్కుపోయి సిగ్నల్ 0 దగ్గర ఆగిపోతే గరిష్ఠమే వస్తుంది. అందుకే మీ లోడ్ తట్టుకోగలిగినంత దగ్గరే ఆ గరిష్ఠాన్ని రెసిస్టర్లతో కట్టేయండి. కోడ్‌లో పెట్టిన హద్దును నమ్ముకోవద్దు.

కీచుమంటోంది, ఔట్‌పుట్ వణుకుతోంది

ఫీడ్‌బ్యాక్ పిన్‌కు పొడుగు వైరు కలిపి ఉంటారు. ఆ వైరు చుట్టూ ఉన్న స్విచింగ్ నాయిస్‌ను పట్టి చిప్‌కు చేరవేస్తుంది. కంట్రోల్ రెసిస్టర్‌ను పిన్ పక్కనే అతికించి, పొడుగు వైరును దానికి అవతలి వైపు నుంచి తీసుకెళ్లండి. అయినా వణుకు పోకపోతే ఫిల్టర్ చాలడం లేదు. ఆర్డుయినో ఊనోలో ఎక్కువ పిన్ల పీడబ్ల్యూఎం 490 హెర్ట్జ్ మాత్రమే. 10 కిలో ఓమ్‌లకు 10 మైక్రోఫారడ్ పెడితే ఫిల్టర్ హద్దు 1.6 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది చాలు.

లోడ్ పెరిగితే సెట్టింగ్ జరిగిపోతోంది

సిగ్నల్ గ్రౌండ్‌ను లోడ్ దగ్గర కలిపారేమో చూడండి. 20 మిల్లీ ఓమ్‌ల వైరులో 3 ఆంపియర్లు పారితే 60 మిల్లీవోల్టుల తేడా, మన సర్క్యూట్‌లో ఔట్‌పుట్ దగ్గర అది 120 అవుతుంది. సిగ్నల్ గ్రౌండ్‌కు వేరే వైరు వేసి, కింది రెసిస్టర్ గ్రౌండయ్యే చోటే కలపండి.

తగ్గించమంటే నెమ్మదిగా దిగుతోంది

లోడ్ లేనప్పుడు ఔట్‌పుట్ కెపాసిటర్ ఖాళీ అవ్వడానికి దారి ఉండదు. ఔట్‌పుట్‌కు అడ్డంగా 1 కిలో ఓమ్, అర వాట్ రెసిస్టర్ వేస్తే సరి.

నేరుగా ఇంటి కరెంటు మీద నడిచే ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) అయితే

వీటిలో ఔట్‌పుట్‌ను గమనించే పనికి సాధారణంగా టీఎల్431 అనే చిప్ ఉంటుంది, దాని రిఫరెన్స్ సుమారు 2.5 వోల్టులు. లెక్క అదే, 1.23 బదులు 2.5 వేసుకోండి. ఔట్‌పుట్‌ను బాగా తగ్గించగానే టిక్ టిక్ మంటూ ఆగి ఆగి నడుస్తుంటే, ప్రైమరీ వైపు (230 వోల్టుల లైన్‌కు కలిసి ఉండే వైపు) చిప్‌కు తిండి పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ సహాయక వైండింగ్ వోల్టేజీ కూడా ఔట్‌పుట్‌తో పాటే పడిపోతోందన్నమాట. ఆ చిప్ యూసీ3842 అయితే 16 వోల్టుల దగ్గర లేచి, 10 కిందికి పడితే ఆగిపోతుంది. అలాంటి సప్లైని టిక్కుమనని దాకానే తగ్గించండి. ఇంకా కిందికి కావాలంటే దాన్ని అలాగే ఉంచి, ఔట్‌పుట్ తర్వాత ఒక డీసీ కన్వర్టర్ పెట్టి దాన్ని కంట్రోల్ చేయండి. ప్రైమరీ వైపు మాత్రం చేయి పెట్టొద్దు. 230 వోల్టుల లైన్ మీద అక్కడి కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కొంతసేపు నిలుస్తుంది.